ఎవరి తాత ఎంత లోతు

ఒక పెద్ద అడవిలో (అది పెద్దదని అక్కడ పుట్టినవారే చెప్పుకునేవారు, మరో అడవిని చూసివచ్చినవారెవరూ లేరు కనుక ఆ మాటకు ఎదురుండేది కాదు) ఎండాకాలం వచ్చేసరికి ఒకే ఒక్క మడుగు మిగిలేది. దిగువన వాగు ఎండిపోయి ఇసుక తేలేది. రాతి గుంటలు పొడిబారేవి. ఎత్తైన మట్టిగట్టు పక్కన ఈ మడుగు మాత్రం నిండు వేసవిలోనూ నిలిచి ఉండేది. ఎందుకు నిలిచి ఉందని ఎవరూ అడగలేదు. ఉన్న నీటిని ఎందుకున్నావని అడిగే అలవాటు ఏ అడవిలోనూ ఉండదు.

ఆ మడుగు దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి పూర్వీకులు ఈ అడవికి ముందు వచ్చారో వారు ముందు తాగాలి. ఆ ప్రకారం మొదట ఏనుగులు, తరువాత ఎలుగుబంట్లు, తరువాత అడవిపందులు, తరువాత కొండముచ్చులు, చిట్టచివర దుప్పులు. పెద్దపులికి ఈ వరసలో స్థానం లేదు. ఆయన ఎప్పుడు వస్తే అప్పుడే వరస మొదలైనట్టు.

ఏనుగులు తాగడంతో ఊరుకునేవి కావు, స్నానం చేసేవి. పందులు స్నానంతో ఊరుకునేవి కావు, పొర్లేవి. దుప్పుల వంతు వచ్చేసరికి మడుగు అంచున మిగిలేది నీటికీ బురదకూ మధ్య ఉండే ఏదో ఒక పదార్థం.

ఆ ఏడు ఒక చుక్కల దుప్పి వేసవి నడుమ ఈనింది. బిడ్డ లేచి నిలబడింది కానీ, తల్లికి పాలు పడలేదు. ఆమె ఒక సాయంత్రం పెద్దపులి కొలువుతీరే బండ దగ్గరకు వచ్చి, పారిపోవడానికి వీలుగా ఉండేంత దూరంలో నిలబడి విన్నవించుకుంది.

"ఏలినవారూ, బురద తాగితే పాలెక్కడివి? ఈ ఒక్క ఎండాకాలం, బిడ్డ నిలదొక్కుకునేదాకా, మమ్మల్ని ముందు తాగనివ్వండి. ఎంత తాగుతాం చెప్పండి? మా మూతులు చూడండి."

మడుగు మీద పెద్దరికం చేసే ముసలి ఆడ ఏనుగు, అడవి అంతా పెద్దమ్మ అని పిలిచేది, చెవులు విప్పింది. "తాగొద్దని ఎవరన్నారే? నీ వంతు వచ్చినప్పుడు తాగు."

"ఈ వంతులు ఎవరు పెట్టారు పెద్దమ్మా?"

"పెట్టడమేమిటి? ఉన్నాయి."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచి."

"మొదట ఎవరు వచ్చారో ఎవరైనా చూశారా?"

సభకు ఇది కొత్త ప్రశ్న. ఆ ప్రశ్న తప్పని అందరికీ అనిపించింది కానీ ఎక్కడ తప్పో తెలియలేదు. అటువంటి సమయాల్లో అందరూ కార్యదర్శి వైపు చూస్తారు. కార్యదర్శి ఒక కొండముచ్చు. కొమ్మ మీదినుంచి తోకను సభలోకి వేలాడదీసి కూర్చోవడం ఆయన హోదాకు గుర్తు.

"అధ్యక్షా!" అన్నాడు కొండముచ్చు. "ఫిర్యాదును కొట్టివేస్తే అన్యాయమంటారు. ఒప్పుకుంటే పెద్దలు నొచ్చుకుంటారు. విచారణ వేస్తే వానలు పడేదాకా గడిచిపోతుంది."

పెద్దపులి ఆ మధ్యాహ్నమే తిని ఉన్నాడు. నిండిన కడుపుకు న్యాయం మీద ఆసక్తి పుడుతుంది. "వేయండి. కానీ మధ్యలోనుంచి మొదలుపెట్టొద్దు. మొదటినుంచి రండి."

"ఏ మొదటినుంచి ఏలినవారూ?"

"ఎన్ని ఉన్నాయయ్యా మొదళ్లు? అన్నిటికన్నా ముందుది ఏదో, దాన్నుంచి."

ఆ విధంగా, ఒక తల్లి గుక్కెడు నీళ్లు అడిగిన వ్యాజ్యం విశ్వం పుట్టుకతో మొదలైంది.

మొదటి సాక్షి గుడ్లగూబ. ఆకాశాన్ని చూడడం తప్ప వేరే వృత్తి లేనివాడు. పొద్దు గుంకుతుండగా వచ్చి, పడమట అప్పుడే పొడిచిన ఒక చుక్కను చూపించాడు.

"అదిగో, అది ఇప్పుడు అక్కడ ఉందని నేను చెప్పలేను. వెలుతురు అక్కడినుంచి బయలుదేరిననాడు ఉంది. ఆ వెలుతురు మన కంటిదాకా రావడానికి తరాలు పట్టింది. ఈలోపు ఆ చుక్కకు ఏమైందో ఈ వెలుతురుకు కూడా తెలియదు. కాబట్టి ఆకాశంలోకి చూడడమంటే వెనక్కి చూడడమే."

"మెడ వెనక్కి తిరిగేవాడివి కనక నీకు అన్నీ అలాగే కనబడతాయి," అన్నాడు ఎలుగుబంటి.

గుడ్లగూబ ఆ మాటకు తల పూర్తిగా వెనక్కి తిప్పి ఎలుగుబంటిని చూసి, మళ్లీ ముందుకు తిప్పాడు. "ఇంకొకటి. దూరాన ఉన్న చుక్కల గుంపులు ఒకదానినుంచి ఒకటి ఎడంగా జరిగిపోతున్నాయి. ఇవాళ ఎడమవుతున్నవి నిన్న దగ్గరగా ఉండి ఉండాలి. అలా వెనక్కి వెనక్కి పోతే, ఒకనాడు ఈ సమస్తమూ పట్టరాని వేడిలో ఒకే ముద్దగా ఉన్నట్టు తేలుతుంది."

పెద్దమ్మ ముందుకు వంగింది. "ఆ ముద్దలో ముందు ఎవరు నిలబడ్డారు?"

"ముందూ వెనకా అప్పటికి పుట్టలేదు పెద్దమ్మా."

"వరస లేనిచోట అందరూ ఎలా ఇమిడారయ్యా? తొక్కిసలాట కాలేదూ?"

"అయింది. దాని ఫలితమే మనమందరం."

కొండముచ్చు గొంతు సవరించుకుని ఆ పూట తేలిన సారాంశం ప్రకటించాడు: "విశ్వం పుట్టిననాడు ఏనుగులు లేవని సాక్షి ఎక్కడా చెప్పలేదు."

గుడ్లగూబ ఏదో చెప్పబోయి, చెప్పడం వల్ల చుక్కలకు ఒరిగేదేమీ లేదనుకుని ఎగిరిపోయాడు.

రెండవ సాక్షి అలుగు. ఒళ్లంతా పొలుసులతో, నేలకు ముక్కు ఆనించి బతికే ఆ పండితుడికి మట్టి తప్ప మరో ధ్యాస లేదు. ఆయన నోట ప్రతి వాక్యమూ "ఇప్పటికి తెలిసినంతలో" అని మొదలయ్యేది. ఎవరైనా గొంతు పెంచితే మాత్రం ఆయన చటుక్కున ముడుచుకుని బంతి అయిపోయేవాడు. మళ్లీ విప్పుకునేదాకా అడవి ఎదురుచూడవలసిందే. ఆయనకు ధైర్యం లేదని నేననను. ఉన్న ధైర్యమంతా లోపలివైపు ఉండేది.

ఉదయం అందరినీ మడుగు పక్కనున్న గట్టు దగ్గరకు తీసుకువెళ్లాడు. కోసుకుపోయిన ఆ గట్టు పక్కనుంచి చూస్తే రంగురంగుల చారలుగా ఉంటుంది. అన్నేళ్లూ దానికి వీపు గోక్కున్నవారే కానీ దాన్ని చూసినవారు లేరు.

"ఇప్పటికి తెలిసినంతలో," అన్నాడు అలుగు, "వరద వచ్చినప్పుడల్లా ఒక పొర ఒండ్రు పరుస్తుంది. దాని మీద ఇంకొకటి. ఎవరూ కెలకకపోతే పైది కొత్తది, కిందిది పాతది. ఈ నల్లచార కార్చిచ్చు మిగిల్చిన మసి. ఈ తెల్లగుల్లలు నత్తలవి. అంటే ఇక్కడ ఒకప్పుడు గట్టు లేదు, నీరే ఉంది. ఈ ఆకు అచ్చు చూడండి. ఇటువంటి ఆకు ఉన్న చెట్టు ఇవాళ మన అడవిలో లేదు. ఈ రెండు పొరల నడుమ ఇంకా ఎన్నో పొరలు ఉండవలసింది. కొట్టుకుపోయాయి. ఆ కాలం గురించి నేను చెప్పేది ఊహ మాత్రమే. ఏది మట్టి చెప్పింది, ఏది నేను ఊహించింది, రెండూ విడివిడిగా చెబుతాను."

"రెండూ కలిపేసి చెబితే తొందరగా తెమిలిపోతుంది కదా పంతులుగారూ!" అన్నాడు అడవిపంది. విచారణ కోసం సభ వేసిన తవ్వకాల గుత్త ఆయనదే. తవ్వినచోట దొరికే దుంపలన్నీ ఆయనకే చెందాలని ఒప్పందం. అందువల్ల ఆయనకు చరిత్ర పట్ల గొప్ప గౌరవం ఏర్పడి ఉంది.

"మా సంగతి చెప్పండి," అన్నాడు కొండముచ్చు. "మేము చెట్ల మీద ఉండేవాళ్లం. మట్టిలో దొరకం. కానీ అడవి బయట ఊళ్లు కట్టుకుని రెండు కాళ్ల మీద తిరుగుతున్న వాళ్లు మా నుంచే దిగారు. వాళ్ల గొప్పంతా మాకే జమ కావాలి."

"మీ నుంచి కాదండీ. మీకూ వాళ్లకూ ఎక్కడో ఒక పాత ముత్తాత. అక్కడినుంచి మీరొక కొమ్మ, వాళ్లొక కొమ్మ."

"కొమ్మ అన్నారు కనక మాదే. వాళ్లకు కొమ్మలెక్కడివండీ?"

అలుగు జవాబు వెతుక్కుంటూ గట్టు పైఅంచుకు పాకి, ఒక పలుచని చారలోనుంచి అంచులు చెక్కిన రాతిముక్కనూ, కాలిన తాబేటి చిప్పనూ చూపించాడు. "రెండు కాళ్లవాళ్లు ఇక్కడ కూర్చుని, నిప్పు రాజేసి, తాబేటిని తిని వెళ్లారు. వాళ్ల కథ అంతా ఈ పైపైనే. అంత హడావిడి చేసే జాతి ఈ గట్టులో అరచెయ్యి మందం కూడా లేదు."

"వెళుతూ చెప్పి వెళ్లారా?" అని అడిగింది పెద్దమ్మ. మర్యాదల విషయంలో ఆమెకు పట్టింపు ఎక్కువ.

పండితుడు ఇంత చెప్పినా, సభకు అందులోనుంచి ఒక్క ముక్కే చెవికెక్కింది. ఎంత లోతైతే అంత పాత. ఎంత పాతైతే అంత ముందు. మిగతా మాటలన్నీ, మసి, నత్తలు, కొట్టుకుపోయిన కాలాలు, ఆ గట్టు మీదే ఉండిపోయాయి. తెలివైన మాట విన్నప్పుడు మనలో ఎవరం మాత్రం అంతకన్నా ఎక్కువ ఇంటికి తీసుకుపోతాం?

ఆ రోజునుంచి అడవిలో లోతే హోదా అయింది. ఎదురుపడినప్పుడు కుశలం అడగడం మానేసి "తమరి తాతగారు ఎంత లోతు?" అని అడగసాగారు. పందుల ఇళ్లలో పెళ్లి సంబంధాలు కూడా ఆ ప్రశ్న మీదే ఆగిపోయాయి.

ఒక ఉదయం మడుగు అంచున పంది తవ్విస్తున్న గోతిలోనుంచి ఎలుగుబంటి కేక వినిపించింది. "దొరికాడు! మా తాత దొరికాడు!"

అలుగు దిగి చూశాడు. గోతి అడుగున ఎలుగు దవడ ఎముక ఒకటి ఉంది. ఆయన చాలాసేపు వాసన చూశాడు.

"ఏమండీ, ఈ ఒక్కచోట పొరలన్నీ తెగి కలగలిసిపోయాయి. పై మట్టి కిందా, కింది మట్టి పైనా ఉంది. ఎవరో తవ్వి పూడ్చినట్టుంది. ఎముక కింద గడ్డి కూడా ఉంది."

"మా తాత గడ్డి మీద పడుకునేవాడు," అన్నాడు ఎలుగుబంటి.

"గడ్డి పచ్చగా ఉందండీ."

"ఆ కాలపు గడ్డి అలాంటిది. ఇప్పుడెక్కడ దొరుకుతుంది ఆ సరుకు?"

కొండముచ్చు తీర్పు చెప్పాడు. "లోతు ఖాయం. పచ్చదనం సంగతి తరువాత చూద్దాం."

మరుసటి రోజుకు పందులకు అంతకన్నా లోతున ఒక ముత్తవ్వ దొరికింది. ఆ మరుసటి రోజు ఏనుగులకు ఆ ముత్తవ్వ కింద ఒక దంతం దొరికింది. ఎలుగుబంటి తన తాతను బయటికి తీసి ఇంకొంచెం కిందికి దించి మళ్లీ కనిపెట్టాడు. దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. ప్రతి జాతిలోనూ పాత ఎముకలు అయిపోవచ్చాయి. బతికి ఉన్న ముసలివాళ్ల వైపు కుర్రవాళ్లు ఒకరకమైన చారిత్రక దృష్టితో చూడడం మొదలుపెట్టారు. ముసలి ఎలుగులు పగటి నిద్ర మానేశాయి. "నాకింకా ఆయుష్షుందిరా," అని ఒక పంది ముత్తాత దారిన పోయేవారందరికీ అడగకుండానే చెప్పుకునేవాడు.

ఈ సందడిలో దుప్పి వ్యాజ్యం ఎవరికీ గుర్తులేదు. ఆమె మాత్రం రోజూ వచ్చి గోతి ఒడ్డున నిలబడేది. బిడ్డ ఆమె కాళ్ల మధ్య నిలబడి పొదుగును కుమ్మి, ఏమీ రాక, మళ్లీ కుమ్మేది.

అలుగు అప్పుడు గోతికి ఒక పక్క, ఎవరూ కెలకని చోట, తన పని తాను చేసుకుంటున్నాడు. ఒకనాడు మొదటిసారిగా తనంతట తానే ఆమెను పిలిచాడు. "అమ్మా, ఒకసారి ఇలా వస్తారా?"

చదునుగా గీకిన చోట గట్టిపడిన పాత బురద బయటపడింది. దాని నిండా నెర్రెలు. నెర్రెల నడుమ అడుగులు. గుండ్రని ఏనుగు అడుగులు, వెడల్పాటి ఎలుగు పాదాలు, పంది గిట్టలు, పక్కనే పులి పంజా. అన్నీ ఒకే పొరలో, ఒకే నీటి అంచు వైపు, ఒక వరసంటూ లేకుండా.

"ఇప్పటికి తెలిసినంతలో ఇది ఒక పెద్ద కరువు. నీరు బాగా వెనక్కి పోయింది. అప్పుడు అందరూ కలిసి తాగారు. ఇదిగో, ఈ చిన్న గిట్ట మీ జాతిది. దీని అంచును ఏనుగు పాదం నొక్కేసింది చూశారా? కింద పడ్డది ముందు పడ్డది."

"అంటే మేమే ముందా?"

"ఆ రోజుకు ముందు. అంతకు మించి ఈ మట్టి ఏమీ చెప్పదు, నేనూ చెప్పను." ఆయన ముక్కుతో పక్కకు చూపించాడు. "ఇంకొకటి ఉంది. ఈ గిట్టల లోపలివైపు, నీటి పక్కన, మరీ చిన్న గిట్టలు. ఎవరో తల్లి. బిడ్డను నీటివైపు ఉంచి తాను బయటివైపు నిలబడింది."

దుప్పి ముందరి కాలు ఎత్తి, ఆ పాత అడుగు పక్కన మెల్లగా ఆనించింది. రెండూ ఒకే కొలత. ఎన్ని వేల వరదల కిందనుంచో ఎవరో తనతో మాట్లాడినట్టయి ఆమె చెవులు నిలబెట్టింది.

ఈ వార్త సభకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. అందరూ గోతి చుట్టూ మూగారు.

"మా అడుగు పైన ఉందా, కింద ఉందా?" అంది పెద్దమ్మ.

"పైన ఉందండీ."

"పైన ఉండడమే కదయ్యా గొప్ప?"

"ఈ విద్యలో కాదు పెద్దమ్మా."

"అందరూ కలిసి తాగారంటున్నారు," అని పెద్దపులి కనుబొమలు ముడిచాడు. "మా వాళ్లు కూడానా? దుప్పుల పక్కన నిలబడి, ఏమీ చేయకుండా?"

"పంజా గుర్తులో గోళ్లు బయటికి లేవు ఏలినవారూ."

ఈ మాట పులికి అన్నిటికన్నా అవమానంగా తోచింది. తన వంశంలో ఎవరో ఒకరు ఒకనాడు మంచిగా ప్రవర్తించారని మట్టి సాక్ష్యం చెబుతోంది.

"ఇంకా కిందికి వెళ్లండి," అంది పెద్దమ్మ. "ఈ కరువు కన్నా ముందు మేమున్నాం. తప్పకుండా ఉన్నాం. దీని కింద ఏముంది?"

"బూడిదరంగు బంకమట్టి. కానీ దాన్ని మాత్రం..."

"గట్టిగా చెప్పు!" అని ఆమె ఘీంకరించింది.

అలుగు ముడుచుకుపోయాడు. ఒక్క క్షణంలో పండితుడు లేడు, పొలుసుల బంతి ఒకటి గోతి అంచున ఉంది. ఆయన చెప్పదలచుకున్న మాట, ఆ అడవి చరిత్రలో అన్నిటికన్నా అవసరమైన మాట, ఆయనతోపాటే లోపల ఉండిపోయింది.

పంది ముట్టెతో బంతిని తట్టి చూశాడు. కొండముచ్చు కొంచెంసేపు ఆగి చూసి అన్నాడు: "అభ్యంతరం ఉంటే తల బయటపెట్టేవారు. పెట్టలేదు కనక పండితుల సమ్మతి లభించినట్టే."

దుప్పి మాత్రం బంతి దగ్గరకు వంగి చెవి ఆనించింది. లోపలినుంచి సన్నగా, తొందరగా మాటలు వస్తున్నాయి. ఆమె తలెత్తింది.

"తవ్వొద్దంటున్నారు! ఆ బంకమట్టి మడుగుకు కుండ అడుగు లాంటిదట. కిందంతా ఇసుకేనట. చిల్లు పడితే నీళ్లు నిలవవట!"

సభ ఒక్కసారి ఆమె వైపు తిరిగింది. కొండముచ్చు చిరునవ్వు నవ్వాడు.

"అమ్మా, తవ్వకం ఇక్కడ ఆగితే ఎవరు ముందైనట్టు?"

"మేము."

"ఆగకపోతే?"

"ఆ సంగతి కాదయ్యా నేను చెప్పేది, నీళ్లు..."

"చూశారా అధ్యక్షా. వ్యాజ్యం వేసినవారే పండితుడి కడుపులోని మాట కూడా తామే విన్నామంటే న్యాయం ఒప్పుకోదు."

"నాకు మొదటి వంతు వద్దు!" అంది దుప్పి. "చివరే తాగుతాం. ఎప్పటిలాగే బురదే తాగుతాం. దాన్ని మాత్రం తవ్వకండి."

"ఇప్పుడు వద్దంటోంది. మొన్న కావాలంది," అన్నాడు ఎలుగుబంటి. "మాట మీద నిలబడని జాతి. అందుకే చివర్న పెట్టారు."

పందులు ఉత్సాహంగా దిగాయి. గొయ్యి వెడల్పయి మడుగు అంచును తాకింది. బంకమట్టిలో నత్తగుల్లలు, తరువాత చేపముళ్లు దొరికాయి. అప్పుడు ఒక చిన్న కలవరం పుట్టింది. ఈ లెక్కన మొదటి వంతు చేపలకు ఇవ్వాలి. కొండముచ్చు కాసేపు తోక ఊపి, ఇవ్వడంలో నష్టం లేదన్నాడు. అవి ఎలాగూ నీళ్లలోనే ఉన్నాయి. రెండో వంతు నుంచి యథాప్రకారం సాగించవచ్చు.

అందరూ ఒప్పుకున్నారు. చేపలను ఎవరూ అడగలేదు.

అడవిపంది ఆఖరి పెళ్లను ముట్టెతో ఎత్తి అవతల వేశాడు. కింద ఇసుక తగిలింది. ఆ వెంటనే ఎక్కడో ఒక పెద్ద గొంతు నీళ్లు మింగుతున్నట్టు చప్పుడు వినిపించింది.

"మా తాత! మా తాత తాగుతున్నాడు!" అని ఎలుగుబంటి చేతులెత్తి మొక్కాడు.

మడుగుకూ గోతికీ మధ్య మిగిలిన సన్నని గోడ కూలింది. నీరంతా సుడి తిరుగుతూ గోతిలోకి దూకి, తాతలనూ ముత్తవ్వలనూ కలగలిపి తిప్పి, ఇసుకలోకి ఇంకిపోయింది. ఎవరికీ కదలడం తోచలేదు. ఇంత వేగంగా జరిగేదాన్ని చరిత్ర అని వారెవరూ అనుకోలేదు. పొద్దు వాలేసరికి మడుగు ఉన్నచోట మెరుస్తున్న బురద, అందులో ఎగిరెగిరి పడుతున్న మొదటి వంతువారు మిగిలారు.

బంతి నెమ్మదిగా విప్పుకుంది. అలుగు ముక్కు బయటపెట్టి చూశాడు.

"చెప్పాను," అన్నాడు.

"ఎప్పుడు?" అంది పెద్దమ్మ.

"లోపల."

ఆమెకు కోపం కూడా రాలేదు. ఆమె వెనక చంటి ఏనుగు తొండం ఎత్తి, మడుగు వైపు చాపి, ఏమీ తగలక, మళ్లీ తల్లి నోటి దగ్గరకు తెచ్చి వెతుకుతోంది. దుప్పిపిల్ల ముందరి కాళ్లు ముడిచి కూలబడింది. తల్లి దాన్ని మూతితో లేపుతోంది. లేచి, రెండడుగులు వేసి, మళ్లీ కూలబడింది. పెద్దమ్మ ఒక బిడ్డను చూసి, ఇంకొక బిడ్డను చూసింది. తరువాత గట్టు దిగి, ఎండిన వాగులోకి నడిచింది.

ఇసుక మీద తొండం ఆనించి ఆమె చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. గట్టు కింద ఒకచోట ఆగింది. ముందరి కాలితో ఇసుక తోడింది. ఇంకొంచెం తోడింది. చెలమ అడుగు మొదట తడిసింది, తరువాత నల్లబడింది, తరువాత మెరిసింది. మడుగు నీరు ఇసుక దారి పట్టుకుని అక్కడికే వచ్చి ఊరుతోంది.

ఆ మెరుపును చూసి అడవి అంతా వాగులోకి దూకింది. ఎవరు ముందో ఎవరు వెనకో ఎవరికీ తెలియదు. ఎలుగుబంటి పంది వీపు మీదుగా వంగాడు. పంది పులి మోచేతి కింద తల దూర్చాడు. దుప్పి బిడ్డను ఈడ్చినట్టే తోసుకుంటూ వచ్చి, ఆ కాళ్ల అడవిలో ఆగిపోయింది. సందు లేదు. పెద్దమ్మ కిందికి చూసింది. చూసి, తన ముందరి కాలు కొంచెం పక్కకు జరిపింది. అంతే. ఆ సందులోనుంచి పిల్ల మూతి నీటికి అందింది. తల్లి దాన్ని నీటివైపు ఉంచి తాను బయటివైపు నిలబడింది. అవతలి పక్కన పెద్దపులి తాగుతున్నాడు. పిల్ల చెవి ఆయన మీసాన్ని తాకింది. ఆయన కళ్లు మూసుకుని తాగుతూనే ఉన్నాడు.

కాసేపటికి ఆయన తలెత్తాడు. "కార్యదర్శీ, విచారణ ఎక్కడిదాకా వచ్చింది?"

"వాయిదా," అన్నాడు కొండముచ్చు నీళ్లలోనుంచి మూతి తీయకుండానే.

చెలమ పెద్దది కాదు. తాగి తప్పుకుంటే ఊరేది, ఊరితే ఇంకొకరు తాగేవారు. అటువంటిచోట వరస నిలబెట్టడానికి కావలసినంత నీరు లేకపోయింది. వానలు పడేదాకా అలాగే గడిచింది. దుప్పికి పాలు పడ్డాయి.

అలుగు ఒక సాయంత్రం వచ్చి చెలమ చుట్టూ తడిమట్టిని పరీక్షగా చూశాడు. గుండ్రని అడుగులు, వెడల్పాటివి, చీలినవి, పంజాలు, వాటి లోపలివైపు మరీ చిన్న గిట్టలు. "దీన్ని ఎవరూ కెలకొద్దు," అన్నాడు. ఎవరూ వినలేదు. వినిపించేంత గట్టిగా ఆయన అననూ లేదు. అయినా ఆ మట్టి ఎండకు గట్టిపడింది. నెర్రెలిచ్చింది. తొలకరి వరద దాని మీద ఒండ్రు పరిచింది.

ఎంతోకాలం తరువాత, ఇంకా పుట్టని జాతికి చెందిన ఒక పండితుడు ఆ చోటును తవ్వుతాడు. ఒక పెద్ద గోతిలో అనేక జాతుల ముసలివారి ఎముకలు ఒకేచోట దొరుకుతాయి. దిగువన, అదే కాలపు పొరలో, నీటి చుట్టూ అందరి అడుగులూ కలిసి కనిపిస్తాయి. ఆయన చాలాసేపు ఆలోచించి, ఎంతో జాగ్రత్తగా ఇలా అంటాడు: "ఇప్పటికి తెలిసినంతలో, ఇక్కడి ప్రాణులు తమ పూర్వీకులను అపారమైన భక్తితో సమాధి చేసి, అనంతరం అందరూ కలిసి జలోత్సవం జరుపుకునేవి." ఆయన ముందున్న మట్టికి అంతకన్నా నిజాయితీ అయిన అర్థం లేదు. పచ్చగడ్డి ఆయనకు దొరకదు.

ఈ కథకు నీతి: పూర్వీకులు ఎంత లోతువారో తేల్చుకోదలచినవారు ముందుగా కడుపునిండా నీళ్లు తాగి తవ్వకం మొదలుపెట్టవలెను.